వెనక సీటుకు చెప్పవలసిన మాటలు

మొన్న సోమవారం మా సచివాలయానికి ఒక ముసలమ్మ వచ్చింది. పాసుపుస్తకంలో ఇంటిపేరు తప్పు పడిందట. కాగితాలు తీయడానికి ముందు చేతిలో ఉన్న గుడ్డసంచి నా బల్ల మీద పెట్టింది. అందులో ఏముందో ఆమె చెప్పక్కర్లేకపోయింది. మాగిన తాటిపండు వాసన దాచితే దాగేది కాదు. పక్క బల్ల దగ్గర కూర్చున్న అమ్మాయి చున్నీ ముక్కుకి అడ్డం పెట్టుకుని నవ్వింది. నాకు మాత్రం కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ముసలమ్మ కంగారుపడి, "తినవేటమ్మా? కాల్సుకుంటే పంచదారే" అంది. తింటానని చెప్పి సంచి కాళ్ళ దగ్గర పెట్టుకున్నాను. ఆ పూటంతా నేను ఆఫీసులో లేను. రెండు సీట్ల సైకిలు మీద ముందు కూర్చుని చీపురుపల్లి రోడ్డులో తొక్కుతున్నాను. వెనక సీటు మీద దాలినాయుడు గారు ఉన్నారు.

నేను గజపతినగరం దగ్గర ఒక పల్లెకి సర్వేయరుని. దాలినాయుడు గారు ముప్పై ఏళ్ళ పైచిలుకు సర్వేయరుగా ఈ చుట్టుపక్కల ఊళ్ళన్నీ కొలిచి, నేను ఉద్యోగంలో చేరేనాటికి రిటైరై మా ఆఫీసు వెనక వీధిలో ఉండేవారు. ఊళ్ళో అందరూ ఆయన్ని గొలుసు నాయుడు అనేవారు. పాతకాలంలో భూమి కొలిచే ఇనుప గొలుసుని ఆయన రిటైరైనా వదల్లేదు. ఇంటి వసారాలో మేకుకి వేలాడదీసి, నెలకోసారి కిరసనాయిలు గుడ్డతో తుడిచేవారు. "నన్ను పెళ్ళాడి నలభై ఏళ్ళైనాది, ఒక్కపాలి ఇలాగ తుడిసినాడేటి!" అనేవారు ఆయన భార్య పైడమ్మ గారు. ఆవిడ నోరు అంతే, వచ్చినవాళ్ళకి మజ్జిగ ఇవ్వడంలోనూ అంత తొందరే.

ఆయన్ని మొదటిసారి చూసింది చేలోనే. నేను ఉపగ్రహాలతో కొలిచే రోవర్ మిషను గట్టు మీద నిలబెట్టి, గొడుగు పట్టుకుని అంకెలు రాసుకుంటున్నాను. పంచె ఎగ్గట్టిన ఒక సన్నటి ముసలాయన వచ్చి మిషను చుట్టూ రెండుసార్లు తిరిగారు. "ఇది ఎవుల్ని అడుగుతాదమ్మీ?" అన్నారు. అర్థం కాక, ఉపగ్రహాలని అడుగుతుందండీ అన్నాను. "మంచిదే. అది ఆకాశంలో ఉన్నోల్లని అడుగుతాది. నువ్వు నేలమీదున్నోల్లని అడిగినావా?" అన్నారు. నాకు ఒళ్ళు మండింది. డిప్లొమా చదివాను, శిక్షణలో మొదటి మార్కు తెచ్చుకున్నాను, దారిన పోయే పెద్దమనిషి వచ్చి పాఠం చెప్పడమేమిటని. ఆయన నా మొహం చూసి నవ్వి, కాలితో గట్టు మీద రాయిని తట్టారు. "ఒక్క రాయి మాట నమ్మీసి గీత గియ్యకమ్మీ. రెండో రాయిని అడుగు. అదీ ఇదే మాట సెప్తే అప్పుడు గియ్యి." మిషను ఎంత మంచిదైనా దాన్ని నిలబెట్టే చోటు మనిషే చూసుకోవాలన్నది ఆ మాటకి అర్థం. అది నాకు తెలిసిందే అనుకున్నాను. తెలిసిన మాట వేరు, వంటబట్టిన మాట వేరు అని తర్వాత తెలిసింది.

ఆ సైకిలు కథ చెప్పాలి. సర్వీసంతా ఆయన సైకిలు మీదే తిరిగారు. రిటైరయ్యాక షుగరు వచ్చి, అప్పుడప్పుడు కళ్ళు తిరగడం మొదలైంది. ఒకసారి కాలవలో పడ్డారు. పైడమ్మ గారు సైకిలుకి తాళం వేసి, తాళంచెవి తన మొలకి కట్టుకున్నారు. ఈయన ఊరుకుంటారా? గజపతినగరంలో తెలిసిన సైకిలు షాపు అతన్ని పట్టుకుని, తన సైకిలునీ, పాత ఇనుప సామాన్లవాడి దగ్గర దొరికిన మరో సైకిలునీ కోయించి, అతికించి, రెండు సీట్లూ, రెండు జతల పెడళ్ళూ ఉన్న ఒక్క బండి చేయించారు. రెండు ముసలి సైకిళ్ళకి పెళ్ళి చేశారన్నమాట. "ముందట ఎవులైనా కూకుంటేనే ఎల్లు. నేకపోతే నా మీదొట్టే" అని పైడమ్మ గారు షరతు పెట్టారు. ముందు ఎవరు కూర్చుంటారు? ఆయన అల్లుడు ఒకరోజు కూర్చుని మర్నాటికి నడుంనొప్పి అన్నాడు. పోస్టుమాన్ రెండు రోజులు కూర్చుని, ఆ సందులో ఉత్తరాలు పంచడమే మానేశాడని పైడమ్మ గారు నవ్వేవారు. చివరికి ఆయన కన్ను నా మీద పడింది. హైస్కూలు వరకు సైకిలు తొక్కిన మాట నిజం, ఆ తర్వాత ముట్టుకోలేదు. పెద్దాయన అడిగితే కాదనలేక ఒప్పుకున్నాను.

మొదటి రోజు ఉదయం పొలాల రోడ్డులో రెండు గుంతలు దాటించాను. బాగానే తొక్కాననుకున్నాను. వెనక నుంచి మూలుగు వినిపించింది. ఆపమన్నారు. దిగి నడుం పట్టుకుని నిలబడి, కోపం లేకుండానే చెప్పారు. "అమ్మీ, ముందట కూకున్నావు, నీకు రోడ్డు అగుపడతాది. నాకు నీ జడ తప్ప ఏటీ అగుపడదు. గుంత మీద పడ్డాక సెప్తే అది వార్త. పడకముందు సెప్తే అది సాయం. ఏదొచ్చినా నోరిప్పి సెప్పాల." అంతే, అదీ నియమం. గుంత, ఎక్కుడు, దిగుడు, ఎడమకి, కుడికి, ఆపుతున్నాను. ప్రతిదీ ముందుగా, గట్టిగా.

వినడానికి చిన్న సంగతి. నాకు మాత్రం చచ్చేంత కష్టమైంది. మా ఇంట్లో మాట్లాడని పిల్లే మంచి పిల్ల. నోరు మంచిదైతే ఊరు మంచిది అని మా అమ్మ రోజుకోసారి అనేది. నోరు మూసుకుంటే ఊరు ఇంకా మంచిదని నేను అర్థం చేసుకున్నాను. గిన్నె సొట్టపడితే బియ్యం డబ్బా వెనక దాచేదాన్ని, మార్కులు తగ్గితే కాగితం మడిచి పుస్తకంలో పెట్టేదాన్ని. అలాంటిదాన్ని ఇరవై ఆరేళ్ళొచ్చాక రోడ్డు మీద "గుంత! గుంత!" అని అరవమంటే గొంతు పెగలలేదు. వారం రోజులు ఆయన నడుం బలైంది. తర్వాత నెమ్మదిగా నోరు తెరిచాను. తెరిచాక ఆయనకి ఇంకో ఫిర్యాదు. "గుంతలే సెప్తావేటి? మంచియి సెప్పవా? సెరువులో కొంగలున్నాయా, ముందట నీడొస్తాదా, ఎవులి సేను ఎన్నేసింది, అవీ సెప్పాల. ఎనక సీటోడికి ఆకలుండదేటి?" అలా పొద్దున్నే నేను దారంతా వర్ణిస్తూ, ఆయన వెనక ఊఁ కొడుతూ తొక్కేవాళ్ళం. మమ్మల్ని చూసి ఎడ్లబండి వాళ్ళు కూడా నవ్వేవారు. పట్టించుకోవడం మానేశాను. నిజం చెప్పాలంటే ఆ ఏడాది నేను ఎదురుచూసిన సమయం రోజులో అదొక్కటే.

ఇక ఊరి నేల కోసం సైకిలు తొక్కిన రోజు సంగతి. మా ఊరి పక్కన గెడ్డ ఉంది. గెడ్డ అంటే మా వైపు కొండవాగు. దాని ఒడ్డున ఊరందరిదీ అయిన మేతబయలు ఉంది. గొర్రెలూ పశువులూ అక్కడే మేస్తాయి. ఏటా వరదకి మలుపు దగ్గర ఒడ్డు విరిగి, బయలు కొంచెం కొంచెంగా గెడ్డలో కలిసిపోతోంది. తాటిచెట్లు వరసగా పెంచితే వేళ్ళు మట్టిని పట్టుకుంటాయని ఊరివాళ్ళూ, కొందరు మాస్టార్లూ కలిసి ఆలోచించారు. చీపురుపల్లి నుంచి మా గెడ్డ దాకా సైకిళ్ళ మీద వస్తూ, దారిలో ఊళ్ళన్నింటినీ చందా అడగాలి. చందా డబ్బు కాదు, తాటి టెంకలు. ఈ మాట విని పట్నం వాళ్ళు నవ్వవచ్చు. తాటిపండు తిన్నాక మా వైపు టెంకని పారేయరు. పెరట్లో పాతర వేస్తారు. చలికాలానికి అవి మొలిచి తేగలవుతాయి. పిల్లలకి అంతకన్నా ఇష్టమైన చిరుతిండి లేదు. టెంక ఇవ్వడమంటే ఆ చలికాలం తేగలు మానుకోవడమే. దసరాకి ముందు రోజులు. ఒక ఊళ్ళో ఒకావిడ అప్పటికే వేసిన పాతర తవ్వి, మట్టితో సహా టెంకలు ఒళ్ళో పోసుకుని తెచ్చి, చందా టెంకల కోసం మా వెనక వస్తున్న ట్రాక్టరులో వేసింది. "మా మనవలు ఏడుస్తారు. ఏడవనీ. సెట్టు లెగిత్తే ఆలే తింటారు" అంది. దాలినాయుడు గారు ఆవిడకి దణ్ణం పెట్టారు.

నేను ఆవిడ మొహం చూడలేకపోయాను. ఎందుకో చెప్తాను. అంతకు కొన్ని నెలల ముందు ఆ మేతబయలుని కొలిచింది నేనే. దాని పక్కన ఒక రైతు సపోటా తోట ఉంది. తోటకీ బయలుకీ నడుమ హద్దు ఎగువనున్న పైరాయి నుంచి గెడ్డ మలుపు దగ్గర రాయికి పోతుంది. మలుపు దగ్గర రాయి నిటారుగా కనిపించింది, దాని మీద మిషను నిలబెట్టాను, గీత గీశాను. మరో రాయిని అడగలేదు. ఎండ మండిపోతోంది, ఇంకా నాలుగు సర్వే నంబర్లు మిగిలాయి. సైకిలు యాత్రకి పది రోజుల ముందు గొర్రెలు కాసే గురయ్య తాత నాకు మంచినీళ్ళిస్తూ గర్వంగా చెప్పాడు. "ఆ రాయి నానే పాతినానమ్మా. మొన్నటేడు వరదకి పడిపోయి గెడ్డలో ఎలిపోతన్నాది. గవుర్మెంటు రాయి గదా, పాపమని లేపి ఇటు మెరక మీద పాతీసినాను." పాపం, అతను పుణ్యానికే చేశాడు. ఆ రాయి అసలు చోటు నుంచి నలభై అడుగులు బయలు లోపలికి వచ్చేసింది. నా గీత దాంతోపాటే వచ్చేసింది. బయలులోంచి సమోసా ఆకారంలో ఒక ముక్క, సరిగ్గా టెంకలు పాతాలనుకుంటున్న మలుపు, నా మ్యాపులో తోటలో కలిసిపోయింది. అభ్యంతరాలు చెప్పుకోవడానికి గడువు అప్పటికి ఇంకా ఇరవై రోజులుంది. అది దాటితే ఆ మ్యాపే ఖాయం. ఎవరూ అభ్యంతరం చెప్పరు, ఎందుకంటే నాకు తప్ప ఎవరికీ తెలియదు. నా ఉద్యోగం ఇంకా పర్మినెంటు కాలేదు. పైవాళ్ళకి భయపడ్డాను, ఊరికి భయపడ్డాను. అన్నిటికన్నా వెనక సీటు మీది మనిషికి భయపడ్డాను. మొదటి రోజే చెప్పిన మాట నేను వినలేదని ఆయనకి తెలియడం నాకు చావులా ఉంది. గిన్నెని బియ్యం డబ్బా వెనక దాచినట్టే దాచాను.

మధ్యాహ్నం కావస్తోంది. ట్రాక్టరు సగం నిండింది. ముందు కాలేజీ అమ్మాయిలు పాటలు పాడుతూ పోతున్నారు. ఒక ఊరి మొదట్లో రోడ్డు సగం మేర మొక్కజొన్న గింజలు ఆరబోసి, బళ్ళు ఎక్కకుండా చుట్టూ రాళ్ళు పేర్చారు. నాకు రాళ్ళు కనిపించాయి. బాగా కనిపించాయి. కానీ నా మనసులో గురయ్య పాతిన రాయి తిరుగుతోంది. నోట మాట రాలేదు. ఉన్నట్టుండి హేండిలు కుడికి తిప్పాను. నేనెటు తిప్పుతున్నానో తెలియని ఆయన ఎడమకి వాలారు. ఇద్దరం వెళ్ళి గింజల్లో పడ్డాం. గింజలు ఆరబోసిన ఆవిడ చీపురుతో పరుగెత్తుకొచ్చింది. "ఓలమ్మో, నా జొన్నలు! రోడ్డంతా ఉన్నాది గదర్రా, నా జొన్నల్లోనే పడాలేటి?" అని అరిచి, ఆయన ఎడమచేతి మణికట్టు వాచడం చూసి చీపురు పారేసి, పసుపూ గుడ్డా కోసం ఇంట్లోకి పరుగెత్తింది.

ఆయన రోడ్డు పక్కన మైలురాయి మీద కూర్చుని జేబులోంచి గింజలు ఏరి ఆవిడ కుప్పలో వేస్తున్నారు. "రాళ్ళు నీకు అగుపడ్డాయా?" అని అడిగారు. అగుపడ్డాయి సార్ అన్నాను. "మరి సెప్పనేదేం?" ఆయన గొంతులో కోపం వినడం నాకదే మొదటిసారి. ఏడుపు వచ్చేసింది. "సార్, ఇంకొకటి కూడా చెప్పలేదు" అని మొత్తం చెప్పేశాను. పడిపోయిన రాయి, గురయ్య తాత, ఎండ, సమోసా ముక్క, ఇన్నాళ్ళ మౌనం, అన్నీ. ఆయన గింజలు ఏరుతూనే విన్నారు. ఆవిడ వచ్చి పసుపు రాసి కట్టు కట్టింది. ఆవిడ వెళ్ళాక, "గడువు ఇంకెన్నాల్లున్నాది?" అన్నారు. పది రోజులన్నాను. ఆయన లేచి పంచె దులుపుకున్నారు. "అయితే ఇది ఇంకా వార్త అవనేదు. లెగు."

సాయంత్రం గెడ్డ దగ్గర సభ ఉంది. అక్కడ ఆయన్నే చెప్పమని బతిమాలుకున్నాను. మీరు చెప్తే ఊరు కోపగించుకోదు సార్ అన్నాను. ఆయన అప్పటికే వెనక సీటెక్కి ఒంటిచేత్తో పట్టుకుని కూర్చున్నారు. "ముందట సీటు ఎవులిది?" అన్నారు. నాదన్నాను. "ఎనక సీటోడు బ్రేకెయ్యడు, హేండిలు తిప్పడు. తొక్కుతాడంతే. నాను తొక్కుతాను. సెప్పీది నువ్వే." చెయ్యి వాచినా మిగతా దారంతా ఆయన తొక్కారు. ఆ రోజు సైకిలు నడిచింది ఆయన బలం మీదే. అయినా నేను ప్రతి గుంతా చెప్పాను, ప్రతి నీడా చెప్పాను.

సభలో నేను నిలబడి మాట్లాడింది మూడు నిమిషాలు కూడా ఉండదు. రాయి జరిగింది, నేను చూసుకోకుండా కొలిచాను, తప్పు నాది, గురయ్య తాతది కాదు, రేపే పైకి రాసి మళ్ళీ కొలుస్తాను అన్నాను. ఊరు నన్ను మెచ్చుకోలేదు. "ఇన్నాల్లూ ఏటి సేస్తన్నావమ్మా?" అని ఎవరో అరిచారు. తోట రైతు లేచి, "తప్పు నువ్వు సేస్తే నా తోటెందుకు తగ్గాల?" అన్నాడు. టెంకల ట్రాక్టరు పక్కన నిలబడి ఉన్న దాలినాయుడు గారి వైపు చూశాను. ఆయన తల ఊపారు, అంతే. నా తరఫున ఒక్క మాట మాట్లాడలేదు.

వారం తిరక్కుండా అందరి ఎదుటా మళ్ళీ కొలిచాం. మిషను సరే, పాత గొలుసు కూడా తెచ్చారాయన. పైరాయి దగ్గర ఆయన వెనక కొస పట్టుకున్నారు, నేను ముందు కొస పట్టుకుని మలుపు వైపు నడిచాను. పాత రికార్డులో రాసినన్ని గొలుసులు కొలిచాక, ఆగిన చోట తవ్వమన్నారు. మోకాలి లోతు తవ్వేసరికి నల్లగా బొగ్గులు బయటపడ్డాయి. "నాను పాతిన పెతీ రాయి కిందా బుట్టెడు బొగ్గులు పోసినాను. రాయి కదిలిపోతాది. బొగ్గు పుచ్చదు, సెదలు తినదు. ఎక్కడికెల్తాది?" అన్నారు. తోట రైతు వంగి ఒక బొగ్గు తీసుకుని చూశాడు. నిజమే నాయుడా అని ఇంటికి పోయాడు. నాతో మాత్రం ఇప్పటికీ మాట్లాడడు, ఎదురుపడితే మొహం తిప్పుకుంటాడు. నాకు మెమో వచ్చింది, ఉద్యోగం పర్మినెంటు కావడం చాలాకాలం ఆలస్యమైంది. అవన్నీ జరిగాయి. అవన్నీ జరిగినా నేను హాయిగా నిద్రపోయాను.

ఆ మలుపులోనే టెంకలు పాతాం. కట్టు కట్టిన చేయి గుండెలకి ఆనించుకుని, కుడిచేత్తో ఆయన ఒక్కొక్క టెంకనీ గుంటలో పెడుతుంటే నేను మట్టి కప్పాను. "ఇయి కాపుకొచ్చీసరికి నానుండను. నువ్వు ముసిల్దానివైపోతావు" అన్నారు నవ్వుతూ. మరి ఎవరికోసం సార్ అన్నాను. "ఎనక సీటోల్ల కోసం" అన్నారు.

రెండేళ్ళ క్రితం ఒక ఉదయం, మజ్జిగ తాగి వసారాలో కుర్చీలో కూర్చున్నవారు కూర్చున్నట్టే పోయారు. పైడమ్మ గారు గొలుసు నాకిచ్చారు. సైకిలు మాత్రం ఇవ్వలేదు. దాని వెనక సీటు మీద రోజూ తువ్వాలు ఆరేస్తారు. ఆయనకి నేనేం నేర్పలేదు, ఆయన నాకు బతకడం నేర్పారు. ఇప్పుడు ఏ హద్దు కొలిచినా రెండు రాళ్ళని అడుగుతాను, కొత్త రాయి పాతితే కింద బుట్టెడు బొగ్గులు పోయిస్తాను. తప్పు చేస్తే, చేస్తూనే ఉంటాను, అది ఇంకొకరి నడుం విరగ్గొట్టకముందే నోరిప్పి చెప్తాను. ఆయనకి ఎన్నడూ కృతజ్ఞతలు చెప్పుకోలేదు. మా వైపు అలా చెప్పుకుంటే మొహమాటం.

తాటిపండు తెచ్చిన ముసలమ్మ పని ముగించి పంపాక, ఆ సాయంత్రం స్కూటీ మీద గెడ్డ వైపు వెళ్ళాను. దారిలో నా వెనక ఎవరూ లేరు. అయినా నా నోరు ఆగదు, అలవాటైపోయింది. గుంత అన్నాను. దిగుడు అన్నాను. మలుపు దగ్గర స్కూటీ నెమ్మది చేశాను. ఈ ఏడు వరద వచ్చి పోయింది. ఒడ్డు విరగలేదు.

"సార్," అన్నాను గట్టిగా, "మొక్కలు మోకాలెత్తు వచ్చాయి."